సగం వేసుకుని సగం పంచిన మా పెద్దమ్మ

మా పెద్దమ్మ పోయింది. బాపట్లలో మా కాలేజీ హాస్టల్ ఎదుట ఎస్టీడీ బూత్ నడిపే ఆయన రోడ్డు దాటి వచ్చి ఆ కబురు చెప్పాడు. ఇక పూజ్య పాఠకులకు నా సాష్టాంగ క్షమాపణ. స్మృతి వ్యాసమన్నాక ఆశయం, ఆదర్శం లాంటి పట్టుబట్టలు కట్టుకున్న మాటలు రావాలి. ఇందులో మూత్రం వస్తుంది. పెద్దలు ముక్కు మూసుకునైనా చదవాలి. మా అమ్మకు అక్కగారైన ఆవిడ ప్రాణం తీసింది మూత్రంలో పుట్టిన జబ్బే మరి.

పెద్దమ్మ కాపురం తెనాలిలో, పంతులమ్మ ఉద్యోగం రేపల్లె దారిలో ఒక పల్లె బడిలో. పొద్దున ప్యాసింజరులో వెళ్లి సాయంత్రం ప్యాసింజరులో వచ్చేది. ఆ బడిలో ఆడవాళ్లు వెళ్లే చోటు లేదు. అందుకని ఇంట్లో కాఫీ తాగి బయల్దేరితే తిరిగి ఇల్లు చేరేదాకా చుక్క నీళ్లు ముట్టేది కాదు. సెలవుల్లో ఒక్కోసారి నేనూ ఆవిడతో ఆ రైలెక్కేవాణ్ణి. కిటికీ అవతల కాలవలు, నీళ్లు నిలిచిన వరిమళ్లు, ఆ నీళ్లలో మనతోపాటే పరిగెత్తే ఆకాశం. అన్ని నీళ్ల మధ్య, ఎండిన పెదవులతో, కిటికీ ఊచకు తల ఆనించి పెద్దమ్మ కునుకు తీసేది.

అప్పుడప్పుడూ "వేడి చేసిందిరా" అనేది. మంట అన్న మాట ఆవిడ నోట రాదు. ముందు బార్లీ నీళ్లు, అప్పటికీ తగ్గకపోతే మందుల షాపు. "ఆ మధ్య ఇచ్చావే, ఆ గొట్టం మాత్రలే ఇవ్వు నాయనా." అవి పట్టనప్పుడు షాపతను ఇంకో రకం ఇచ్చేవాడు. రెండు మూడు వేసుకునేసరికి హాయిగా ఉండేది. అంతటితో ఆపేసి, మిగిలినవి ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద తోటి ఆడవాళ్లకు దానం చేసేది.

"అక్కా, నాకూ నిన్నటి నుంచీ..."

"చెప్పకు, అర్థమైంది. ఇవిగో, వేసుకో. ఇట్టే లాగేస్తుంది."

"మరి మీకండీ?"

"తగ్గాక నాకెందుకే? ఊరికే పాడైపోతాయి."

నేను చదివేది మైక్రోబయాలజీ కాబట్టి గొంతు సవరించుకుని చెప్పాను. "పెద్దమ్మా, సగంలో ఆపితే చచ్చేది బలహీనమైన క్రిములే. గట్టివి మిగిలి, పిల్లల్ని పెడతాయి. వాటికి ఇక ఆ మందంటే భయముండదు."

"పోరా. రోగం తగ్గాక మందు మింగటమంటే పెళ్లయ్యాక సంబంధాలు చూడటమే." ఆ మాటకు నేనే పడిపడి నవ్వాను. నా చదువు అక్కడితో సరి.

మొన్న చలికాలంలో వణుకుతో జ్వరం, నడుంనొప్పి వచ్చాయి. తెనాలిలో డాక్టరమ్మ, ఏ మందుకు క్రిములు లొంగుతాయో చూసే కల్చర్ పరీక్ష రాసి, "మందులు పూర్తిగా వాడేవారా అమ్మా?" అని అడిగింది.

"తగ్గిపోయేదండి," అంది పెద్దమ్మ వినయంగా.

ల్యాబ్‌లో బతిమాలితే నాకు ఆ గాజు పళ్లెం చూపించారు. దాని నిండా మంచు కురిసినట్టు పెద్దమ్మ ఒంట్లోని క్రిములు. ఆ మంచు మీద ఒక్కో మందులో తడిపిన చిన్న చిన్న కాగితపు బిళ్లలు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిములు పెరగక, చందమామకు గుడి కట్టినట్టు గుండ్రంగా ఖాళీ ఏర్పడుతుంది. అన్ని చందమామల్లో ఒక్కదానికే గుడి ఉంది. మిగతావాటిని మంచు అంచులదాకా కమ్మేసింది. ఎంత అందంగా ఉందో! గుడి లేని బిళ్లల్ని రెండోసారి లెక్కపెట్టాను.

సంగతి చెబితే పెద్దమ్మ మంచం మీదే నవ్వింది. "హాజరు పిలిస్తే ఒక్కడే పలికాడన్నమాట. మిగతావాళ్లంతా నా దగ్గర చదివినవాళ్లే కదరా, ఏమైంది వాళ్లకి?"

ఆ ఒక్కడూ ఇంజెక్షన్ రూపంలో వచ్చాడు, కానీ ఆలస్యంగా వచ్చాడు. అప్పటికే విషం రక్తంలో కలిసింది. నేను ఆవిణ్ణి చూసిన ఆఖరి సాయంత్రం, బాపట్లకు తిరిగి బయల్దేరబోతుంటే, మగతలోంచి కళ్లు తెరిచి, "ఒరేయ్, నేను మాత్రలిచ్చినవాళ్లందరికీ ఇట్లాగే అవుతుందంటావా?" అని అడిగింది. నేను గ్లాసు నింపాను. "నీళ్లు తాగు పెద్దమ్మా," అన్నాను. గ్లాసెడూ తాగింది. ఏ రైలూ అందుకోనక్కర్లేని మనిషిలా, మెల్లగా.

ఇక నేను చేసిన పని ఒకటుంది, ఒప్పుకుంటాను. ఆవిడ పోయిన నెలకే నాకూ మంట మొదలైంది. బాపట్లలో డాక్టరు గది నిండా జనం ఉండగా, "మూత్రంలో మంటండి," అని గట్టిగా చెప్పాను. పరీక్ష చేసి మందులు రాశారు. మర్నాటికే మంట పోయింది. అదే బాధతో ఉన్న నా రూమ్మేట్ చెయ్యి చాపాడు.

"నీకు తగ్గిందిగా, మిగతావి ఇటు పడెయ్‌రా."

"ఇవ్వను."

"మీ పెద్దమ్మ ఊరంతా పంచేదన్నావు! ఆవిడ మనిషివేనా నువ్వు?"

"ఆవిడ మనిషినే. చొక్కా వేసుకో, డాక్టరు దగ్గరికి నేనూ వస్తా."

అవును, మా ఇంట్లో మొదటి పిసినారిని నేనే. ఒక్కటంటే ఒక్కటి పంచకుండా అన్నీ నేనే మింగాను. ఆఖరిది సూర్యలంక ఒడ్డున కూర్చుని, ఏ నొప్పీ లేని ఒంటితో వేసుకున్నాను. పక్కన నా రూమ్మేట్ డాక్టరు తనకు రాసిన మాత్ర నోట్లో వేసుకుని, తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తి గటగటా తాగుతున్నాడు. గడ్డం మీదుగా జారిన నీళ్లు ఇసుకలో ఇంకిపోతున్నాయి.