పడవల వేళ, ఓపీ వేళ

మీ వీధికి చేపలు తెచ్చే మనిషిని ఎన్నడైనా ఒంట్లో ఎలా ఉందని అడిగారా? ధర తగ్గించమని అడిగి ఉంటారు, పొలుసు తీసిమ్మని అడిగి ఉంటారు. ఈ మాట అడిగారా?

ఆమధ్య ఒక ఉదయం జాలరిపేట నుంచి మా వీధికి చేపలు తెచ్చే చెల్లి, గుమ్మంలో తట్ట దించబోయి, ఎడమ చెయ్యి పైకి లేవక అలాగే నిలబడిపోయింది. మా ఇంటికి చేపలు తెచ్చే వాళ్ళమ్మను చిన్నప్పుడు పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి కనుక నాకీమె చెల్లి. చంకలో గడ్డ, వేసవి నుంచీ ఉందట. ఆస్పత్రికి వెళ్ళలేదేమంటే, "పడవలొచ్చీ యేలే ఓపీ యేల కదన్నియ్యా, సేపల ఏలం ఒగ్గీసి ఎల్తే తట్టలోకి ఏటొత్తాది?" అని నవ్వేసింది. ఆ నవ్వు అచ్చం పెద్దమ్మదే. ఆ రోజంతా నాకు పెద్దమ్మే గుర్తుకొస్తూ ఉంది.

మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చారు. క్వార్టర్లలో కాపురం, జ్వరమొస్తే నాలుగడుగుల్లో ఉద్యోగుల ఆస్పత్రి. నాన్నగారు నిప్పులాంటి హేతువాది. ఆదివారం వస్తే మా వరండాలో దేవుడి మీద, దయ్యం మీద, తాయెత్తుల మీద వాదాలు జరుగుతూ, వీధి చివరిదాకా వినిపించేవి. అలాంటి ఒక ఆదివారమే పెద్దమ్మ వచ్చి, రొమ్ము మీద గడ్డ లేచిందని, అమ్మవారి గుడిలో పసుపు పూయించుకుంటున్నానని మా అమ్మతో చెబుతుంటే నాన్నగారు విన్నారు. ఇంకేముంది, మూఢత్వమంటూ, పెద్దాస్పత్రికి వెళ్ళవేమంటూ విరుచుకుపడ్డారు. ఆవిడేం తక్కువ తినలేదు. "బాబుగోరూ, అమ్మోరు నానెప్పుడెల్లినా తలుపు తీత్తాది. మీ ఆస్పత్రి మద్దేనానికే మూసెత్తారు కదేటి!" అంది. వరండా అంతా నవ్వింది. నాన్నగారు మాత్రం నవ్వలేదు. "తలుపు తీస్తే సరిపోతుందా, లోపల మందేదీ?" అన్నారు.

ఇద్దరి మాటా నిజమేనని ఇప్పుడనిపిస్తుంది. గుడిలో మందు లేదు, ఆస్పత్రిలో ఆమెకు వీలైన వేళ లేదు. ఆ రెంటి మధ్యా గడ్డ పెరిగింది. చివరికి ఆమెను తీసుకువెళితే, చెయ్యడానికేమీ లేదు, ఇంటికి తీసుకెళ్ళండన్నారు. ఏ ఇంటికి? వలలు, తట్టలు, మనుషులు ఒకే గదిలో సర్దుకునే ఆ ఇంటికా? నాన్నగారు నొప్పి తగ్గే గట్టి మందు కోసం ఊరంతా తిరిగితే, అలవాటైపోతుందని ఎవరూ ఇవ్వలేదు. చనిపోబోయే మనిషికి అలవాటవుతుందని భయమట! ఆమె వల కొసను పళ్ళ మధ్య బిగించి మూలుగును అణుచుకుంటుంటే, ఏ వాదంలోనూ ఓడని మా నాన్నగారు బోర్లించిన తట్ట మీద కూర్చుని ఆమెకు విసురుతూ ఉండిపోయారు. అంత నొప్పితోనే ఆమె పోయింది.

ఆ పేటలో ఒక ఆచారం ఉంది. ఇంట్లో పురుడొచ్చినా, చావొచ్చినా ఆ మనిషి తట్టను పక్కింటామె అమ్మిపెడుతుంది, ఎవరూ అడగక్కర్లేదు. జబ్బుకు మాత్రం ఆ కట్టుబాటు లేదు, నడవగలిగినంత కాలం ఎవరి తట్ట వాళ్ళే మోసుకోవాలి. చెల్లి నవ్వి వెళ్ళిన మర్నాడు నేను వేలం జరిగే ఇసుకలోకి పోయి, అక్కడి ఆడవాళ్ళ ముందు పెద్దమ్మ చావును తలచుకుని, ఆచారం మనుషుల కోసమా, మనుషులు ఆచారం కోసమా అని మొదలుపెట్టాను. చెల్లి పక్కింటి ముసలమ్మ మధ్యలోనే అందుకుంది: "ఉపన్యాసం సాలు బాబూ, ఎండెక్కితే సేపలు పాడైపోతాయి. సచ్చినాక అమ్మీ తట్ట, బతికుండగా అమ్మలేమేటి? దాని తట్ట నానెత్తుకుంతాను. నువ్వు దాన్ని తోలుకెల్లు."

తీసుకువెళ్ళాను. తల్లికి వచ్చిన జబ్బే, రొమ్ము క్యాన్సరే. కానీ వైద్యానికి ఇంకా అదను మించలేదన్నారు. మందు ఎక్కించుకోవడానికి ఇంకెన్నో ఉదయాలు వెళ్ళాలి. ముసలమ్మ మెడ రెండు తట్టలను ఎన్నాళ్ళు మొయ్యగలదు?

మా రోజుల నుంచి ఈ ఊరు ఎంతో మారింది. ఉక్కు పోసింది, రుషికొండ దాకా అద్దాల మేడలు కట్టింది, ఆస్పత్రుల మీద అంతస్తులు లేపింది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి నొప్పికి మందిచ్చే నర్సులు కూడా అక్కడక్కడా ఉన్నారని విని సంతోషించాను. చెల్లి ఉండే సందులోకి మాత్రం ఇంతవరకూ ఎవరూ రాలేదు. ఓపీ కిటికీ ఇప్పటికీ పడవలు ఒడ్డుకొచ్చే వేళకే తెరుచుకుంటుంది, తట్ట ఖాళీ అయ్యే వేళకు మూసుకుంటుంది. మా వరండాలో పెద్దమ్మ అడిగిన దానికి ఇంకా జవాబు రాలేదు.

నా ఈడు వాళ్ళారా, మనకు పింఛన్లున్నాయి, మధ్యాహ్నాలున్నాయి. సాయంత్రం ఓపీ తెరవమని, నొప్పి మందు పేట గుమ్మాల దాకా తెమ్మని అడగడానికి నాతో రండి. రేపు మీ గుమ్మంలో తట్ట దిగగానే, బేరానికి ముందు ఆ ఒక్క మాట అడగండి. బాగోలేదంటే, ఆ తట్ట మీరు అమ్మించండి. ఆమెను ఆస్పత్రికి వెళ్ళనివ్వండి.