మూడు పూటల మొక్కు

మా మేనత్త పోయిందని పోయిన వారం ఫోను వచ్చింది. చేసింది ఆమె కొడుకు, నాకు బావ. ఏడుపు ఆపుకుంటూ ముందుగా చెప్పిన మాట, "మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నంకనే పోయింది. పూట తప్పలే" అని. వేరే ఇంట్లో అయితే ఇది వింతగా ఉంటుంది. మా ఇంట్లో మాత్రం అంతకంటే ముందు చెప్పాల్సిన సంగతి లేదు. ఎందుకో మీకు చెప్పాలి.

మా అత్తది ములకలపల్లి దగ్గర అడవి పక్క ఊరు. ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆమె దగ్గర ఒకటే మందు ఉండేది, తాను తినడం మానేయడం. మామకు మలేరియా వస్తే సోమవారం ఒక్కపొద్దు పట్టింది. మామ లేచి తిరిగాడు, ఒక్కపొద్దు మాత్రం అలాగే ఉండిపోయింది. బావ పదో తరగతి గట్టెక్కాలని శనివారం తిండి కూడా మానేసింది. గేదె ఈనలేక అవస్థ పడుతుంటే ఉప్పు విడిచింది. పక్కింటి వాళ్లు చర్చికి పోయేవాళ్లు. వాళ్ల పాపకు జ్వరం తగ్గాలని ఆ ఇంటావిడతో కలిసి శుక్రవారం కూడా కడుపు మాడ్చుకుంది. "దేవుడు వేరైతే ఏంది, పిల్ల మనదే గదా" అనేది. మిగిలిన రోజుల్లో తినేదా అంటే, అందరికీ పెట్టాక గిన్నె అడుగున ఏముంటే అది.

రవికెలు వదులైన కొద్దీ పక్కన కుట్లు వేసుకుంటూ పోయింది. ఎండాకాలంలో చలి అని దుప్పటి కప్పుకునేది. దువ్వితే జుట్టు సగం దువ్వెనకే వచ్చేది. ఊళ్లో తలా ఒక కారణం చెప్పారు. దిష్టి అన్నారు, కడుపులో పాములన్నారు, కోడలు సరిగ్గా పెట్టడం లేదన్నారు. ఆ మాటకు పాపం ఆ పిల్ల చాన్నాళ్లు ఏడ్చింది. అత్త మాత్రం "నాది పీచు ఒళ్లు" అని గర్వంగా చెప్పుకునేది.

ఒక వేసవిలో తునికాకు కోస్తూ అడవిలో కళ్లు తిరిగి పడింది. కాలికి మోడు గీరుకుని పుండయింది. వానలు పడినా అది మానలేదు. అప్పుడు నేను భద్రాచలంలో డిగ్రీ చదువుతున్నాను. ఆమెను గుంజుకొచ్చి దవాఖానాలో చూపించాను. టీబీ చూశారు, షుగర్ చూశారు, థైరాయిడ్ చూశారు. ఏదీ లేదు, రక్తం తక్కువ ఉందంతే. బరువు మిషన్ ఎక్కిస్తే ముల్లు ముప్పై దాటడానికి మొరాయించింది.

"రోజూ ఏం తింటవమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"ఏ వారం సంగతి సారూ?" అంది అత్త. సోమవారం నుంచి వరసగా చెప్పుకొచ్చింది. గురువారం దాకా విని ఆయన పెన్ను కింద పెట్టాడు.

"నీకు రోగం లేదమ్మా, తిండి లేదు. గిట్లనే ఉంటే ఈ పుండు మానదు. జారి పడితే ఎముక పుటుక్కుమంటది. మలేరియా వస్తే తట్టుకునే బలం నీ ఒంట్ల లేదు. గుండె గూడ నీరసపడతది. ఈ వానలు దాటుడే కష్టం."

నా వైపు తిరిగి, ఒక్కసారే కుక్కి పెట్టొద్దని, కొంచెం కొంచెం పెంచుకుంటూ మూడు పూటలకు తేవాలని చెప్పాడు. అత్త బుద్ధిగా తలూపింది. బయటికొచ్చాక, "మంచి సారు. పాపం, ఎట్ల ఎండిపోయిండో చూసినవా? ఆయన కోసం బుధవారం పట్టాలె" అంది.

నాకు నిజంగా భయమేసింది. ఈమె మాకు దక్కదనిపించింది.

బస్టాండులో ఎంతసేపు కూర్చున్నా మా బస్సు రాలేదు. అత్త లేచి గుడి వైపు తిరిగి చేతులు జోడించింది. ఏ వారానికి మూడిందో అనుకున్నాను. ఆమె నోరు తెరిచేలోపే నేను అరిచాను, "రామయ్యా, బస్సొస్తే మా అత్త రోజూ మూడు పూటలా ఉప్పేసుకుని తింటది!"

"ఎవర్నడిగి మొక్కినవే!" అని అత్త నా చెయ్యి గుంజింది. అంతలో బస్సు వచ్చింది.

అత్త ఎక్కలేదు. ఎక్కితే మొక్కు ఒప్పుకున్నట్టే కదా. "నడిచిపోదాం" అంది. ఆ కాలితో గోదావరి వంతెన దాటడం కూడా ఆమె వల్ల కాదు. నాకు మండిపోయింది. "నువ్వు మా పేరు మీద మొక్కినప్పుడు మమ్మల్ని అడిగినవా? నువ్వు మాడి చస్తే మేం బాగుపడతమా? మాకు నువ్వు గావాలె అత్తా" అన్నాను. బస్టాండంతా మమ్మల్నే చూస్తోంది.

కండక్టరు తల బయటపెట్టాడు. "ఎక్కుతవా అమ్మా, మీ మొక్కుల పంచాయితి తెగేదాక ఆగాల్నా?"

అత్త బస్సును చూసింది, గుడి వైపు చూసింది. "గింత జల్దీ పంపాల్నా స్వామీ" అని గొణుగుతూ మెట్టు మీద కాలు పెట్టింది.

ఆ రోజు నుంచి తింది, ముద్ద ముద్దకూ నన్ను తిడుతూ. మొదట పిడికెడు, తర్వాత గరిటెడు, దానికి తోడు పప్పు, గుడ్డు. దసరాకల్లా పుండు మానింది. రవికెల కుట్లు ఒక్కొక్కటే విప్పింది. "తినుడు గూడ మొక్కేనే. కాకుంటే గిన్నెలు ఎక్కువ తోమాలె" అనేది. పద్ధతీ మారింది. ఎవరికైనా కష్టమొస్తే ఇంటికి పోయి, "నీ కోసం ఇయ్యాల ఒక గరిటె ఎక్కువ తిన్న" అని ధైర్యం చెప్పి వచ్చేది. నా ఉద్యోగం ఇంటర్వ్యూ రోజు ఆమెకు అజీర్తి చేసింది. ఉద్యోగమైతే వచ్చింది.

అత్త దహనం అయ్యాక ఇంటికొచ్చి చూస్తే, వంటింట్లో రాత్రికని ఆమె మూతపెట్టుకున్న గిన్నె అలాగే ఉంది. అన్నం, చింతచిగురు పప్పు, పక్కన ఇంత ఉప్పు. చావింట్లో వండింది తినకూడదు, పారబోయమన్నారు పెద్దలు. కోడలు గిన్నె ఎత్తింది గానీ ఆమెకు చేతులు రాలేదు. మొక్కింది నేనే కదా. గిన్నె అందుకుని, అత్త పీట మీద కూర్చుని, ఎవర్నీ అడక్కుండా అడుగు కనిపించేదాకా తిన్నాను. బయట రోడ్డు మీద భద్రాచలం బస్సు హారన్ కొట్టింది. ఆ రోజు అది టైముకే వచ్చింది.