పిన్ని దాటేసిన మాటలు

పోర్ట్ బ్లెయిర్ దగ్గర తుష్నాబాద్‌లో మా ఇంట్లో కూర్చునే హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి వీడియో గేమ్ కథ రాశాను. దీవుల మధ్య తిరిగే బోటు, దాంట్లో ఎక్కి దిగే ప్రయాణికులు. ఫోన్లో ఆడుకునే ఆట. ఒక్కో ప్రయాణికుడికీ ఒక్కో కథ అల్లి, వాళ్ల చేత మాట్లాడించాను. అంత ఇష్టంగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు.

ఆట సగం తయారయ్యాక, టీమ్‌ను నడిపే అబ్బాయి ఫోన్ చేశాడు.

"అక్కా, టెస్టింగ్‌లో ఆడినవాళ్లు దాదాపు అందరూ మాటలు రాగానే స్కిప్ నొక్కేస్తున్నారు. ఇప్పుడు కథ కోసం ఎవరూ ఆగట్లేదు. డైలాగులు చాలావరకు తీసేద్దామనుకుంటున్నాం."

నాకు రోషం వచ్చింది. "చదవకుండానే బాగోలేదంటే ఎలా?"

"బాగోలేదనట్లేదక్కా. చదవట్లేదంటున్నాను."

ఆ సాయంత్రం పిన్ని చేతికి ఫోన్ ఇచ్చాను. పిన్ని మాతోనే ఉంటుంది. ఒకే రంగు గోళీలు కలిపే ఆటల్లో ఇంట్లో ఆవిడను మించినవాళ్లు లేరు. చర్చిలో తెలుగు పాటలన్నీ నోటికొచ్చు గానీ, చదవాలంటే కూడబలుక్కోవాలి. అందుకని పక్కన కూర్చుని చదివి వినిపిద్దామనుకున్నాను. మనవాళ్లయినా వింటారని ఆశ.

బోటు ఆగే జెట్టీ మీద సంచి పట్టుకున్న ముసలావిడ మాట్లాడటం మొదలుపెట్టింది. నేను నోరు తెరిచేలోగా పిన్ని స్కిప్ నొక్కేసింది.

"అదేటి పిన్నీ, చదువుతున్నా కదా!"

"అరే, ఛోడ్ నా! ముందు బోటు నడపనీయే."

చదవడం మానేసి, ఆవిడ ఆడటం చూస్తూ కూర్చున్నాను. ఆ ఆటలో జెట్టీ దగ్గర ఎక్కువసేపు ఆగితే ఓడిపోతాం. ముసలావిడ నడక నిదానం. ఆవిడను వదిలేసి వెళ్లినా నష్టం లేదు. పిన్ని మాత్రం ఆగింది, ఓడిపోయింది. మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ అక్కడే ఆగింది.

"వదిలేసెళ్లు పిన్నీ, పాయింట్లేం పోవు."

పిన్ని నావైపు వింతగా చూసింది. "ఎలా వదిలేస్తానే? ఆ సంచిలో ఫ్లాస్కు చూడు. పోర్ట్ బ్లెయిర్ ఆస్పత్రికి ఎల్తంది. కూతురికి నెప్పులొచ్చుంటాయి. రేపు సముద్రం బాగోకపోతే బోటే ఉండదు కదా."

నేను రాసిన కథలో ఆవిడకు కూతురే లేదు. భూమి తగాదా మీద వెళ్తోంది, దాని గురించి బోలెడు చెబుతుంది. ఫ్లాస్కు ఆటకు బొమ్మలు గీసిన అమ్మాయి పెట్టింది, నేను గమనించనే లేదు.

చాలా ఆలోచించాను. కథ అంటే ఆటను ఆపి చెప్పేదని ఇన్నాళ్లూ నా లెక్క. పిన్నికి మాత్రం కథ బోటు నడపడంలోనే దొరికింది. అయితే పిన్ని ఒకప్పుడు బోటు తప్ప దారిలేని డిగ్లీపూర్‌లో పెరిగిన మనిషి. బోటు తప్పిపోతే ఏమవుతుందో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎన్నడూ జెట్టీ మీద నిలబడనివాడికి ఆ ఫ్లాస్కు ఏం చెబుతుంది?

మర్నాడు ఆ అబ్బాయికి ఫోన్ చేశాను. "డైలాగులు తీసేయండి. కానీ బోటు ఆగితే ఓడిపోకూడదు."

"మరి ఆటలో బిగువేం ఉంటుందక్కా?"

మాటా మాటా అనుకున్నాక ఒక దారి దొరికింది. బోటు ఆగొచ్చు. కానీ ఎక్కినవాళ్లు విసుక్కుంటారు, కొందరు దిగిపోతారు. ఎవరికోసం ఆగాలో ఆడేవాళ్లే తేల్చుకోవాలి. నా మాటలు నేనే కొట్టేశాను. ముసలావిడకు ఒక్కటే మిగిల్చాను: "వచ్చేస్తున్నా బాబూ, ఆగు."

ఆట బయటికొచ్చింది. పెద్దగా ఆడినవాళ్లు లేరు. మరీ నిదానంగా ఉందని కొందరు రాశారు. కథెక్కడుందని ఒకరు అడిగారు. ఇంకొకరు మాత్రం, ముసలావిడ కోసం ఆగితే అందరూ దిగిపోయారనీ, చివరికి ఆవిడ ఒక్కదాన్నే ఎక్కించుకుని వెళ్లాననీ రాశారు. అది చదివి వినిపిస్తే పిన్ని శ్రద్ధగా వింది.

ఆ కంపెనీ ఇప్పుడు తుపాకుల ఆట చేస్తోంది. దానికి రచయిత అక్కర్లేదని ఆ అబ్బాయి ముందే చెప్పాడు. నాకు కోపం రాలేదు. అయినా తీసేసిన మాటల్లో కొన్ని నిజంగా బాగుండేవని ఇప్పటికీ అంటాను. పిన్ని మాత్రం ఒప్పుకోదు. వినలేదు కదా.