అర కట్ట దించిన పాట

ఇటలీలోని పర్మా ఊరి నాటకశాలలో ఒపేరా పాడేవాళ్ల తలరాత రాసేది పత్రికలవాళ్లు కాదు, పై గ్యాలరీ. అక్కడ కూర్చునేది మాంసం కొట్టేవాళ్లు, క్షవరం చేసేవాళ్లు, రొట్టెలు కాల్చేవాళ్లు. స్వరం జారిందంటే ఎంత పేరున్న మనిషినైనా ఈలలు వేసి రైలెక్కించేస్తారు. అయితే ఈల వేసే ముందు అందరూ ఒక్కసారి ఎర్మెతే గిరార్దీని అనే ఆయన మొహం చూస్తారు. ఆయన బూట్లు కుట్టుకు బతికే మనిషే గానీ, నలభై ఏళ్లలో ఆయన చెవి ఒక్కసారీ పొరబడలేదు. ఆయన పెదవి బిగిస్తే స్వరం తప్పినట్టే.

అలాంటి మనిషికి కూతురు నీవెస్ పుట్టింది. సంగీత కళాశాలలో ఏడేళ్లు గొంతు అరగదీసుకుని, బారీ, త్రియెస్తె, కాల్యారి అంటూ ఇరవై రెండేళ్లు ఊరూరా పాడింది. సొంతూళ్లో మాత్రం పాడలేదు. పిలుపు వచ్చినప్పుడల్లా జలుబనో, ఇంకోచోట ఒప్పుకున్నాననో తప్పించుకునేది. తండ్రి కూడా ఏ ఊరూ వెళ్లి వినలేదు.

"ఇక్కడ పాడు, వింటా. తప్పితే ఈల వేస్తా. కూతురివని ఊరుకోను," అనేవాడు.

ఎన్ని ఊళ్లు చప్పట్లు కొడితే మాత్రం ఏం లాభం? ఆ ఒక్క మనిషి బాగుందంటే తప్ప తాను పాటగత్తెనని ఆమెకు నమ్మకం కలగదు. పాడకుండా పారిపోయిందీ అందుకే.

1974 చలికాలంలో, నాయిక వేషం కట్టాల్సినామె మంచాన పడటంతో, మూడు రోజుల గడువుతో పర్మా నుంచి నీవెస్‌కు కబురొచ్చింది. అప్పటికి ఆమెకు నలభై ఆరేళ్లు. ఇప్పుడు కాదంటే మళ్లీ అడిగేవాళ్లుండరు. ఒప్పుకుంది. చిక్కల్లా మూడో అంకంలోని పాటతోనే. దాని చివర ఒక పై స్వరం ఉంది. ఏడాదిగా అది ఆమె గొంతులో ఒకరోజు పలికితే రెండు రోజులు పలకడం లేదు.

వాద్యబృందాన్ని నడిపే వల్ద్రీగి సాధనలో అది వినీవినగానే గది తలుపు వేశాడు.

"ఆ ఒక్క పాటకీ శ్రుతి అర కట్ట దించుదాం, పై స్వరం నీకు సులువుగా అందుతుంది. వాయించేవాళ్లు నోరు మెదపరు, నేను చెబుతాగా."

"గ్యాలరీవాళ్లో?"

"అన్ని ఊళ్లలోనూ చేసేదేనమ్మా. నువ్వు హాయిగా పాడేస్తే ఎవడు కనిపెడతాడు?"

"మా నాన్న."

"ఆయనకి డెబ్బై రెండేళ్లు. లేనిపోనివి ఊహించుకోకు."

ఆమె సరేనంది. అలా సరే అన్నప్పటినుంచి ఆమెకు కంటిమీద కునుకు లేదు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం తండ్రి తానే మాంసపు చారు కాచి, అందులో అనోలినీలనే మాంసం కూరిన పిండి బిళ్లలు ఉడికించి ఆమె ముందు పెట్టాడు. ఆమె స్పూనుతో కలుపుతూ కూర్చుంది.

"గొంతెలా ఉంది?"

"బానే ఉంది నాన్నా."

"బానే ఉంటే మొహం అలా వేలాడేశావేం?"

"నీ ఈల గుర్తొచ్చి."

"గుర్తుండాలి. భయముంటేనే ఒళ్లు దగ్గర పెట్టుకుని పాడతావ్."

అప్పుడే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయింది.

మొదటి రెండు అంకాలు గండం లేకుండా గడిచాయి. మూడో అంకంలో వాద్యాలు పాటను ఎత్తుకున్నాయి. ఆమె ఇంకా నోరు తెరవనే లేదు. గ్యాలరీ కమ్మీల దగ్గర, తల వంచుకుని వింటున్న తండ్రి చటుక్కున తలెత్తాడు. రంగస్థలం వెలుగులో ఆయన పెదవి బిగుసుకోవడం ఆమెకు స్పష్టంగా కనిపించింది. అయినా పాడింది. పై స్వరం నిండుగా పలికింది. పాట ముగిసింది.

పైన తలలన్నీ ఎర్మెతే వైపు తిరిగాయి. ఈల కోసం ఆమె ఎదురుచూస్తూ నిలబడింది.

ఆయన చప్పట్లు కొట్టాడు. ముందు ఆయన ఒక్కడే కొట్టాడు, ఆ తర్వాత నాటకశాల మొత్తం అందుకుంది. నీవెస్ వంగి నమస్కరించింది. సిగ్గుతో ఆమె ఒళ్లంతా మండిపోతోంది.

మర్నాడు మధ్యాహ్నం తండ్రిని భోజనానికి పిలవడానికి వీధి మొగలోని సారాయి కొట్టుకు వెళ్లింది. గుమ్మంలోనే మాటలు వినిపించి ఆగిపోయింది.

"ఏరా ఎర్మెతే," అంటున్నాడు మాంసం కొట్టు ప్రీమో, "వయోలా వాయించేవాడు పొద్దున నా కొట్లో నోరు జారాడు. మీ అమ్మాయి పాట అర కట్ట దించారంట కదా. నీ చెవుల్లో దూది పెట్టుకున్నావా?"

"వయసైపోయిందిరా. ఈ మధ్య సరిగ్గా వినబడట్లేదు."

"ఈ మధ్యనా, నలభై ఏళ్ల నుంచా? చెవిటోడి మొహం చూసి ఎంతమందిని ఊరు దాటించామో, పాపం."

కొట్టంతా ఘొల్లుమంది. వాళ్లతో పాటు ఎర్మెతే కూడా నవ్వాడు. ఆ నవ్వు నీవెస్‌కు భరించరానిదైంది. వెనక్కి తిరిగి వెళ్లిపోవచ్చు. ఇంకా రెండు ప్రదర్శనలున్నాయి. నోరు విప్పితే ఈ ఊళ్లో తన పని సరి, ఆ సంగతి ఆమెకు తెలుసు. లోపలికి వెళ్లింది.

"మా నాన్న చెవులకేం కాలేదు. దించడానికి ఒప్పుకున్నది నేను. నేను నోరు తెరవకముందే ఆయనకి తెలిసిపోయింది. ఆయన మొహం నేను చూశాను."

నవ్వులు ఆగిపోయాయి. ప్రీమో టోపీ తీసి చేతిలో నలుపుకుంటూ నేల చూశాడు. ఎర్మెతే గ్లాసు కింద పెట్టి లేచాడు. మొహం కందగడ్డలా ఉంది.

"నిన్నెవరు చెప్పమన్నారే?" అన్నాడు. "నలభై ఏళ్లలో ఒక్క అబద్ధం ఆడాను. ఒక్కటంటే ఒక్కటి. దాన్ని ఒక్క పూటైనా నిలవనివ్వలేదు నువ్వు."