కొప్పులో దాచిన నూలు చిట్టం

మొన్న శనివారం మా మనవరాలు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని, ఫోను మీద వేలు నాలుగుసార్లు జరిపి, రేపు చర్చిలో కోత పండుగకు మన ఇంటి కానుక పని అయిపోయిందని చెప్పేసరికి నాకు నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. అరగంట తిరక్కుండా గుమ్మంలోకి ఒక బుట్ట వచ్చింది. ఏ దేశంలో కాశాయో తెలియని ఆపిల్ పళ్లు, పైన మెరిసే కాగితం, దానికొక ఎర్ర రిబ్బను. మన చెయ్యి పడని వస్తువు మన కానుక ఎలా అవుతుందని నేను సణిగితే, ఆ పిల్ల తల ఎత్తకుండానే "దేవుడేమన్నా ఎక్కడ కాసిందని అడిగేనా అవ్వా?" అంది. మన చేతి పని పట్టుకెళ్లి దేవుడి ముందు పెడితే ఏమవుతుందో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

మా వాళ్లు కోయంబత్తూరుకు ఏ కాలంలో వలస వచ్చారో మాలో ఎవరూ చెప్పలేరు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, మిల్లులో ఆ పూటకు ఏది నోటికొస్తే అది. తెలుగు అక్షరాలు నేను పెళ్లయ్యాక, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా ఆయన దగ్గర దిద్దుకున్నాను. మిల్లు యజమానులు కూడా ఇంట్లో తెలుగే మాట్లాడేవారట. అయితే వాళ్ల తెలుగు, మా తెలుగు ఎదురుపడి ఒకదాన్నొకటి పలకరించుకున్నది నేనెప్పుడూ చూడలేదు. మేముండేది మిల్లు లైను ఇళ్లలో. గడియారం ఎవరింట్లోనూ లేదు, మిల్లు సంగు, అదే సైరను, మోగితే లేచేవాళ్లం, మళ్లీ మోగితే తినేవాళ్లం.

మా చర్చిని మేము తమిళుల్లాగా కోయిల్ అనే అనేవాళ్లం. పట్నం మధ్యలో ఎర్ర ఇటుకల పాత కట్టడం, ఆరాధన తమిళంలో. తెలుగు ఇళ్లవాళ్లం ఎడమ పక్క వెనకగా చాపల మీద కూర్చునేవాళ్లం. ఎవరూ కూర్చోమని చెప్పలేదు, తాతల నాటినుంచి అలా అలవాటైపోయింది. అక్టోబరు నడిమికి అయిప్పసి నెల వచ్చి ఈశాన్యపు వానలు పట్టుకున్నాయంటే అక్కడ మాకు తీరిక ఉండేది కాదు. ఆడవాళ్ల సంఘం బెంచీలు కడిగేది, మగవాళ్లు గోడలకు సున్నం వేసేవారు, అప్పుడే క్రిస్మస్ పాటల సాధన కూడా మొదలయ్యేది. ఆ సాధన చూస్తే మీరు నవ్వేవారు. పాటగాళ్లలో సగం మంది ఒక షిఫ్టు, సగం మంది ఇంకో షిఫ్టు. ఒక వారం మంద్ర గొంతులు మాత్రమే ఉండేవి, మరుసటి వారం పై గొంతులు మాత్రమే. రెండూ కలిసి వినబడేది క్రిస్మస్ ఉదయాన్నే, అప్పుడు మాకే కొత్తగా ఉండేది. అంతా ఒక దారిలో పెట్టేవాడు మేస్త్రి మామ. మా అమ్మకు దూరపు తమ్ముడి వరస, మిల్లులో నూలు చుట్టే రీలింగు ఖాతాకు మేస్త్రి, కోయిల్లో సంఘ పెద్ద. ప్రభువు బల్ల జరిగే ఆదివారం పాస్టరు అయ్యగారి పక్కన రొట్టె పళ్లెం పట్టుకుని నిలబడేది ఆయనే. ఒప్పుకోని తప్పు మనసులో ఉన్నవాళ్లు ఆ రొట్టె ముట్టకూడదని మా సంఘం కట్టుబాటు. పొడుగు మనిషి, మాట తక్కువ, ఆయన ఒక మాట అన్నాడంటే అది నిజమా అని తిరిగి అడిగినవాడు మిల్లులో గానీ కోయిల్లో గానీ లేడు.

అన్నిటికీ పెద్ద సందడి కోత పండుగ. తుడియలూరు అవతల పొలాలున్న సంఘస్థులు జొన్న కంకులు, చెరకు గడలు, అరటి గెలలు బండ్ల మీద తెచ్చేవారు. బలిపీఠం ముందంతా పచ్చగా, పసుపుగా నిండిపోయి, మధ్యలో కాళ్లు కట్టిన కోడి ఒకటి ప్రసంగానికి అడ్డం పడుతూ ఉండేది. సెంటు భూమి లేని మా లైను ఇళ్లవాళ్లం ఏం తేవాలి? చాలామంది సంతలో కొని తెచ్చేవారు. మా అమ్మ మాత్రం ససేమిరా ఒప్పుకునేది కాదు. కొన్నది వేరేవాళ్ల కష్టం, దేవుడికి మన చేతి ఫలమే పెట్టాలి అనేది ఆవిడ శాసనం. అందుకోసమే ఇంటి పెంకుల మీదికి సొరపాదు ఎక్కించి, లేత పిందెకు పాత గుడ్డ కప్పి కాపాడి, పండుగనాడు ఆ సొరకాయను చంటిబిడ్డలా ఎత్తుకుని వచ్చేది.

నాకు పదిహేడేళ్లు వచ్చిన ఏడు, వాన ఆ పాదును పెంకులతో సహా కిందికి లాక్కొచ్చింది. అమ్మ దిగులు చెప్పనలవి కాదు. ఆ ఏడే నాన్నకు పత్తి దుమ్ముతో ఛాతీ చెడిపోయి మంచాన పడితే, మేస్త్రి మామ మాట సాయంతో నన్ను రీలింగులో చేర్చుకున్నారు. బాబిన్ల మీది నూలును తిరిగే చట్రం మీద చిట్టాలుగా, అంటే నూలు కట్టలుగా, చుట్టడం అక్కడి ఆడవాళ్ల పని. ఎవరి చిట్టం ఎవరిదో తెలియడానికి ఒక్కొక్కరికి ఒక్కో రంగు కట్టుదారం ఇచ్చేవారు, నాది పచ్చ. మొదటి రెండు నెలలూ నా చిట్టాలన్నీ చిక్కులే. పక్కవాళ్లు విప్పి మళ్లీ కట్టేవారు, నేను కళ్లు తుడుచుకునేదాన్ని. కోత పండుగ ముందు శనివారం, ఒక చిట్టం మొదటినుంచి చివరిదాకా ఒక్క పోగు తెగకుండా నా చేతుల్లో దిగింది. దాన్ని పట్టుకుని చూసుకుంటే ఎంత ముచ్చటేసిందో! ఇది నా చేతి ఫలం కాక మరేమిటి అనిపించింది.

చెబితే నమ్మరు, దొంగతనం అన్న మాటే నా బుర్రకు తట్టలేదు. దాచి తేవాలని తట్టింది, ఎందుకు దాచాలో మాత్రం తట్టలేదు. మిల్లు గేటు దగ్గర ఆడవాళ్లను తడిమి చూసి పంపడానికి ఒక ముసలమ్మ ఉండేది. నడుము చూసేది, రొంటి చూసేది, టిఫిను డబ్బా మూత తీయించేది. నేను చిట్టాన్ని జడలో కలిపి కొప్పు చుట్టి, పైన కనకాంబరాలు పెట్టుకుని బయటికి నడిచి వచ్చేశాను. ఆదివారం ఉదయం ఆరాధనకు అందరికంటే ముందు వెళ్లి, అరటి గెలల మధ్య తెల్లగా దాన్ని పెట్టి, అమ్మకు ఆశ్చర్యం చూపిద్దామని ఏమీ ఎరగనట్టు చాప మీద కూర్చున్నాను.

కానుకలు సర్దేది సంఘ పెద్దే గదా. మేస్త్రి మామ గుమ్మడికాయ ఒకటి జరిపి, చిట్టాన్ని చూసి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. పచ్చ దారం ముడిని బొటనవేలితో ఒకసారి తడిమాడు. తరువాత భుజం మీది తుండుగుడ్డ తీసి దాని మీద కప్పి, ఆరాధన అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు. అప్పుడు తెలిసింది నాకు. మిల్లు నూలు ఒక్క మూర గేటు దాటినా తీసినవాళ్లకు పని పోతుంది, తెలిసి దాచినవాళ్లకూ పోతుంది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది నా ఒక్కదాని పనితోనే. ఆయనకు ముగ్గురు ఆడపిల్లలు.

ఆరాధన అయ్యాక వెనక చింతచెట్టు కింద ఆయన అమ్మను పిలిచి, తుండుగుడ్డ మూట చేతికిచ్చాడు.

"అక్కా, ఇది పాప కట్టుడు. పచ్చ దారం, నాకు తెలియదా? సాయంత్రం ఈ కానుకలు హాస్టలు పిల్లలకని తీసుకుపోయేదానికి బండి వస్తుంది, ఎత్తేటోళ్లు చూస్తిరంటే పాప పని పోతుంది, నాదీ పోతుంది. పొయ్యిలో వేసెయ్యి, సరియా?"

అమ్మ నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది. మూట విప్పి చిట్టాన్ని చాలాసేపు చూసి, ఎంత బాగా చుట్టిందో అన్నట్టు నా వైపు ఒక్కసారి చూసింది, ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

"దేవుని ముందర పెట్టినదాన్ని పొయ్యిలో ఎట్ల పెట్టేది తమ్ముడా? ఇంట్లో పెట్టుకుంటే దొంగసొత్తు. మనది కానిది మనం ఇచ్చినట్టే కాదు. అది మిల్లుకే పోవాల. పాపే తీసుకుపోయి ఇచ్చి, నేనే తీస్తినని చెప్పనీ."

ఆయన ఎంత చెప్పినా అమ్మ వినలేదు. నేను మళ్లీ కొప్పులో పెట్టుకుని లోపలికి పోతానంటే అది రెండో దొంగతనం అంది. సోమవారం పొద్దున షిఫ్టుకు నేను చిట్టాన్ని చేతిలో పట్టుకుని, అందరికీ కనబడేలాగా, సన్నటి వానలో మిల్లు దాకా నడిచాను. దారి పొడుగునా ఒకటే మాట వల్లె వేసుకుంటూ వెళ్లాను, నేనే తీశాను, తప్పయింది, నేనే తీశాను, తప్పయింది అని. లోపలికి వెళ్లేటప్పుడు తడమరు గానీ, చేతిలో నూలు చూసి గేటు ముసలమ్మ కేక పెట్టింది, వాచ్‌మన్ వచ్చాడు, వెనకాల వరుస ఆగిపోయింది. నేను నోరు తెరిచాను.

నా మాట బయటికి రాకముందే వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి చిట్టాన్ని తీసుకుంది. "నేనే తీసుకుపోతిని అప్పా. పాపకు ముడి సరిగా రాలేదని, ఎట్ల కట్టేదో ఇంట్లో చూపిస్తిని. గేటు చీటీ రాసేది మరిచిపోతిని, తప్పు నాదే" అన్నాడు మేస్త్రి మామ. వాచ్‌మన్ నవ్వేశాడు. మేస్త్రే చెప్పాక ఇంకేముంది? వరుస కదిలింది. సంగు మోగింది. ఆయన నా ముందు నడిచి వెళ్లి చిట్టాన్ని మిగతా చిట్టాల గుట్టలో పడేశాడు, నా వైపు చూడలేదు.

కాదు, నేనే తీశానని చెప్పడానికి నాకు ఆ గేటు దగ్గర కావలసినంత సమయం ఉంది. ఆ రోజంతా ఉంది. చెప్పలేదు. పని మిగిలింది, నాన్నకు మందు మిగిలింది, అమ్మకు జరిగింది చెబితే ఆవిడ పొయ్యి దగ్గర కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది.

మరుసటి నెల మొదటి ఆదివారం ప్రభువు బల్ల. పళ్లెం పట్టుకోవడానికి ఇంకెవరో నిలబడ్డారు. మేస్త్రి మామ వచ్చి మా వెనక, గోడ పక్క చాప మీద కూర్చున్నాడు. మోకాళ్ల నొప్పులు, పెద్దరికం ఇక వద్దు అని అయ్యగారితో చెప్పాడట. నొప్పులున్న మనిషి కింద చాప మీద ఎందుకు కూర్చుంటాడని ఎవరికీ తోచలేదు. వరుసగా అందరూ లేచి ముందుకు వెళ్లారు, ఆయన లేవలేదు. క్రిస్మస్‌కు లేవలేదు, ఈస్టరుకు లేవలేదు. సంఘంలో ఆయనకు పొగరెక్కిందన్నారు, అయ్యగారితో పొరపొచ్చాలన్నారు. సరిగ్గా మళ్లీ కోత పండుగ వచ్చిన ఆదివారం, ఏడాది నిండాక, లేచి వెళ్లి రొట్టె తీసుకున్నాడు. సంఘ పెద్దగా మాత్రం తరువాత బతికినన్నాళ్లూ నిలబడలేదు.

చాలా ఏళ్లకు ఆయన మంచాన పడినప్పుడు చూడడానికి వెళ్లాను. దారిలో మళ్లీ మాటలు వల్లె వేసుకున్నాను, ఎదుట కూర్చున్నాక ఆయన దుప్పటి సర్దుతూ ఉండిపోయాను. ఆయనే కనిపెట్టినట్టున్నాడు. "పోనీ పాపా. నూలు నూలులో కలిసిపోయె" అని కళ్లు మూసుకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ చిట్టం తరువాత ముప్పై ఏళ్లు నూలు చుట్టాను. మిల్లు మూతబడింది, ఆ నేల మీద ఇప్పుడు పన్నెండు అంతస్తుల ఇళ్లు లేచాయి. లైను ఇళ్లవాళ్లు తలో దిక్కు అయిపోయారు, కోయిల్లో తెలుగు మాట వినబడి ఎన్నాళ్లయిందో. చాపలు పోయి అందరికీ కుర్చీలు వచ్చాయి, అది మంచిదే, నా మోకాళ్లకు నిజంగానే నొప్పులు. ప్రభువు బల్ల ఆదివారం ఒక్క కుర్చీలోనూ ఎవరూ మిగలరు, అందరూ లేచి వరుసలో నిలబడతారు. ఒకరి కోసం ఆడిన ఒక్క అబద్ధానికి ఏడాది పాటు తనంతట తాను కూర్చుండిపోయే మనిషి ఇప్పుడున్నాడో లేడో నాకు తెలియదు. తెలిసిందల్లా ఒకటే. ఆయన కూర్చుండిపోయిన ఆ మొదటి ఆదివారం నేను లేచి, ఆయన ముందునుంచే నడిచి వెళ్లి, చెయ్యి చాపి, రొట్టె తిని వచ్చాను.