పక్కన పెట్టించిన లంగా బట్ట

“డబ్బు మొత్తం కట్టందే బట్ట బయటికి పోదవ్వా. బోర్డు మీద రాసుంది గదా.”

“బయటికి పోవద్దనే నేనూ చెప్తున్నా నాయనా. నీ దుకాణంలోనే కోయించు, నీ అరుగు మీదే కుట్టించు. కుట్టినంక నీ బీరువాలోనే పెట్టుకో. ఆఖరి వారం డబ్బు కట్టినాకే తీసుకపోతా.”

“కోసినాక నువ్వు రాకపోతే? నీ మనవరాలి కొలతకు కోసిన బట్ట ఇంకెవరు కొంటారు?”

“ఎవరూ కొనరు. అందుకే నేను రాక తప్పదు. కోయని బట్టయితే మనసు మారిందని డబ్బు వాపసు అడగొచ్చు. కోసినాక అడగలేను. ఇరుక్కునేది నేను, భయం నీకేంది?”

దుకాణంలో చీరలు చూస్తున్న ఆడవాళ్లు మా వైపు తిరిగారు. ఒకామె నవ్వింది. యజమాని మాత్రం నవ్వలేదు. నా కొడుకు వయసు ఉంటుంది అతనికి. మార్కాపురంలో ఆ దుకాణం వాళ్ల నాయన నుంచి అతనికి వచ్చింది.

ఆ దుకాణం ముందు వానాకాలంలోనే బోర్డు పెట్టారు. పండగ బట్ట ఇప్పుడే ఎంచుకోండి, వారం వారం కట్టండి, పండగకు తీసుకెళ్లండి అని. రెండో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టి మెట్ల మీద నిలబడి నిదానంగా చదువుకున్నాను. బడి మానేసినా పలక మాత్రం నన్ను వదల్లేదు. పలకల ఫ్యాక్టరీలో రాయి అంచులు నునుపు చేసి, చట్రాలు బిగించడమే ఇన్నేళ్లుగా నా పని.

అందరూ కొత్త పథకం అన్నారు. నాకు కొత్త కాదు. నా చిన్నతనంలో మా అమ్మ ఇలాగే ఒక చీర పక్కన పెట్టించేది. సంతకు వచ్చిన ప్రతిసారీ ఇంత అని ఇచ్చి, కాగితం పొట్లం విప్పించి, చీర అంచు ఒకసారి చేత్తో తడిమి, మళ్లీ కట్టించి వచ్చేది. క్రిస్మస్ నాడు ఆ చీర కట్టుకుని గుడిలోకి నడిస్తే ఎవరికీ తల దించాల్సిన పని ఉండేది కాదు. తరువాత కాలం తిరగబడింది. ముందు తొడుక్కుని తరువాత కట్టడం మొదలుపెట్టారు. బట్ట వెలిసిపోయినా వాయిదాలు వెలవవు. అలాంటి బట్ట మా ఇంట్లో ఎవరి ఒంటి మీదా ఉండకూడదని నా పట్టు.

నా కొడుకు లారీ నడుపుతాడు. వాడి జీతం ఇంటికీ, పిల్ల చదువుకూ సరిపోతుంది. పండగ బట్ట మాత్రం నా కూలితోనే కొంటాను. ఈసారి మనవరాలికి నీలం లంగా, జాకెట్టు బట్ట, తెల్ల ఓణీ ఎంచాను. పిల్ల ఇంటర్ చదువుతోంది. క్రిస్మస్ ఆరాధనలో ముందు నిలబడి బైబిలు వాక్యం చదవాల్సింది తనే. పోయిన ఏడాది లంగాకు లోపలి మడతలు రెండుసార్లు విప్పాను. ఇక విప్పడానికి మడత లేదు.

తప్పు నాదే. బట్టకు వారాలు లెక్క వేశాను గానీ కుట్టుకు వేయలేదు. నా ఆఖరి వారం పండగకు రెండు రోజుల ముందు పడింది. దుకాణం పక్క సందులో కుట్టే పెద్దాయన ఈ శనివారం దాటితే పండగ బట్టలు ముట్టనని చెప్పేశాడు. మా అమ్మ పక్కన పెట్టించింది చీర కాబట్టి ఆమెకు ఈ చిక్కు రాలేదు. తప్పు నాదైనంత మాత్రాన ఊరుకోవాలని ఎక్కడా రాసిలేదు. అందుకే ఆ రోజు ఫ్యాక్టరీ వదలగానే దుకాణానికి వెళ్లాను.

యజమాని చివరికి నా చెవుల వైపు చూశాడు. “పోనీ, కమ్మలు పెట్టిపో అవ్వా. బట్ట ఇప్పుడే తీసుకపో.”

“తాకట్టు పెట్టేదాన్నయితే ఇన్ని వారాలు నీ మెట్లు ఎక్కేదాన్నా? నా కమ్మలు నా చెవులకే ఉంటాయి.”

“రేపు రా. ఆలోచిస్తా.”

“నువ్వు దుకాణం తెరిచేసరికి మెట్ల మీదుంటా.”

సందులోకి వెళ్లి కుట్టే పెద్దాయనకు కూడా పొద్దున్నే రమ్మని చెప్పి ఇంటికి వచ్చాను. కోడలు పొయ్యి దగ్గర ఉంది. జరిగింది చెప్పాను.

“ఫోన్లో నొక్కితే డబ్బులిస్తారత్తా. నెలనెలా కట్టుకోవచ్చు.”

“కట్టేదెవరు?”

“మనమే.”

“మనమే కట్టేదానికి మధ్యలో వాడెవడు?”

“నీ పంతానికి పిల్ల పండగపూట పొట్టి లంగా కట్టుకోవాల్నా?”

నేను జవాబు చెప్పేలోపే పిల్ల పుస్తకం లోంచి తలెత్తింది. “పొట్టి లంగాతో నేను ముందు నిలబడనవ్వా. వాక్యం ఇంకెవరితోనైనా చదివిచ్చుకోమని పాస్టరయ్యగారికి చెప్తా.”

ఏడవలేదు, అలగలేదు. మామూలుగా చెప్పింది. అదే నాకు ఎక్కువ తగిలింది. ఆ వాక్యం నెల రోజుల నుంచి నాకు వినిపిస్తూ బట్టీ పట్టింది. అయినా పట్టు వదలాలని అనిపించలేదు. పెట్టె తెరిచి, కొలతకు ఆదిగా ఇవ్వడానికి దాని పాత జాకెట్టు తీశాను.

కోడలు పకపకా నవ్వింది. “పాత ఆది ఇస్తే పాత జాకెట్టే వస్తది అత్తా. పిల్ల పెరిగింది గానీ ఆది పెరగలేదు గదా.”

“అయితే పిల్లనే తీసుకపోతా.”

మరునాడు మొదటి ఆటోకు మనవరాలిని వెంటబెట్టుకుని మార్కాపురంలో దిగాను. దుకాణం షట్టరు వేసే ఉంది. మెట్ల మీద నిలబడ్డాం. కాసేపటికి కుట్టే పెద్దాయన టేపు మెడలో వేసుకుని వచ్చాడు.

“ఒప్పుకున్నాడా అక్కా?”

“ఒప్పుకుంటాడు. నువ్వు కొలత తీయి తమ్ముడా.”

యజమాని వచ్చేసరికి అతని మెట్ల మీదే పిల్ల చేతులు చాచి నిలబడి ఉంది. అతను మమ్మల్ని చూసి, షట్టరు ఎత్తి, లోపల్నుంచి పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

“కోసినాక మాట మార్చేది లేదవ్వా.”

“లేదు.”

“కుట్టినాక నా బీరువాలోనే.”

“నీ బీరువాలోనే.”

పెద్దాయన బట్ట పరిచి సుద్దతో గీతలు గీశాడు. లంగాకు లోపల నాలుగు వేళ్ల మడత పెట్టమన్నాను.

“వచ్చే ఏడాదికీ ఇదేనా అవ్వా?” అంది పిల్ల.

“ఆ పై ఏడాదికి కూడా.”

కత్తెర బట్టలో పడింది. ఆ వారం డబ్బు కట్టాను. యజమాని వారాల లెక్క రాసే నా కార్డు మీద ‘కోసింది’ అని రాసి ఇచ్చాడు. పిల్ల కాలేజీకి వెళ్లింది. నేను ఫ్యాక్టరీకి చేరేసరికి ఆలస్యమైందని మేస్త్రి సగం రోజు కూలి కోశాడు.