చిన్నవ్వ ఇంటి ఫర్మానా

వంశ చరిత్ర రాస్తానని బయలుదేరి, వంశం పరువు తీసుకెళ్లి కాలువలో కలిపిన ఘనుణ్ని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నిజామాబాద్ కంఠేశ్వర్‌లో నా మందుల దుకాణానికి రండి. దగ్గు మందు కొనకపోయినా ఫరవాలేదు, మనిషిని చూసి పోవచ్చు. ఆరేళ్ల కిందటి సంగతి. ఇప్పటికీ చుట్టాల పెళ్లిలో నేను బంతిలో కూర్చోగానే ఎవరో ఒకరు, "ఏం శీనూ, ఇంకేమన్న కాయితాలు చదివిపిస్తవా?" అంటారు. వడ్డించేవాళ్లు కూడా గరిటె ఆపి మరీ నవ్వుతారు.

దీనికంతటికీ మూలం ఫోన్‌లో చూసిన ఒక వీడియో. మధ్యాహ్నం బేరాల్లేని వేళ చూశాను. "మీ పూర్వీకుల గురించి తెలుసుకోవాలంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. వాళ్లు చెప్పేది ఓపికగా వినండి. ఆ తర్వాత ఆధారాలు వెతకండి" అని ఒకాయన నిదానంగా చెప్పాడు. నాకు మొదటి ముక్కా చివరి ముక్కా తెగ నచ్చాయి. మధ్యలో ఓపిక అనే మాట ఒకటి ఉందని చాలా ఆలస్యంగా గమనించాను.

మాకు మిగిలిన పెద్దదిక్కు ఒక్క చిన్నవ్వే. మా తాతకు చెల్లెలు. అప్పటికే తొంభైకి దగ్గర పడింది. బోధన్ దాటాక, నిజాంసాగర్ కాలువ పక్కన చెరుకు తోటల మధ్య ఊళ్లో కొడుకూ కోడలి దగ్గర ఉండేది. నోట్లో పళ్లు లేవు గానీ మాట మాత్రం కొరికినట్టే ఉండేది.

ఆమె గదిలో దేవుడి పటాల వరుసలో ఒక ఉర్దూ కాగితం అద్దం కట్టించి ఉండేది. మూలన గుండ్రటి సర్కారు ముద్ర. దానికి రోజూ పసుపు, కుంకుమ, పండగొస్తే పూలదండ. ఆమె తండ్రి రాజన్నను, అంటే మా ముత్తాతను మెచ్చి నిజాం సర్కారు ఇచ్చిన ఫర్మానా అది. అన్నదమ్ములు భూములు పంచుకుంటుంటే పుట్టింటి నుంచి ఆమె అడిగి తెచ్చుకున్నది ఆ ఒక్క పటమేనట. ఇంట్లో ఉర్దూ ఎవరికీ రాదు. చదివిద్దామని ఎవరికీ తోచనూ లేదు. రోజూ మొక్కేదాన్ని ఎవరు చదువుతారు చెప్పండి?

ఆ కాగితం కింద ఎక్కువగా నలిగింది ఆమె కోడలు సుజాతత్త. చారులో ఉప్పు ఒక పలుకు ఎక్కువైతే చాలు, "సర్కారు మెచ్చిన ఇంటి ఆడివిల్లకు గిసొంటి చారు పోస్తవా?" అని మొదలయ్యేది. పాపం ముప్ఫై ఏళ్లుగా ఆ మాట వింటూ వచ్చింది.

ఒక ఆదివారం స్కూటర్ మీద వెళ్లి చిన్నవ్వ ముందు కూర్చున్నాను. ఫోన్‌లో రికార్డింగు పెట్టాను.

"అవ్వా, నీ పూర్తి పేరు చెప్పు."

"నా పేరు నీకెర్క లేదార?"

"ఎరికే. రికార్డుకు కావాలె."

"గట్లయితే నువ్వే చెప్పరాదు రికార్డుకు."

"సరే. మీ బాపు సంగతి చెప్పు."

ఆమె మొహం వెలిగిపోయింది. "మా బాపా? నన్ను బుజాల మీద ఎక్కిచ్చుకోని కాల్వ కట్ట మీద తిప్పేటోడు. నాకు తొమ్మిదేండ్లప్పుడు బర్రెను కాయనీకి పోతే ఏమైందంటె..."

"అవ్వా, బర్రె ముచ్చట మల్ల చెప్పుకుందాం. ఫర్మానా ఏ ఏడు ఇచ్చిండ్రు? ఎందుకిచ్చిండ్రు? గది చెప్పు."

"నాకేమెర్క? కాల్వ పని మంచిగ చేసిండని ఇచ్చిండ్రన్నడు."

ఠక్కున రికార్డింగు ఆపేశాను. బర్రెల ముచ్చట్లతో ఫోన్ నింపుకోవడానికా నేను పెట్రోలు పోయించుకుని అంత దూరం వచ్చింది? నాకు కావలసింది ఆధారం. ఆధారమేమో గోడకు వేలాడుతోంది!

"అవ్వా, ఉర్దూ వచ్చినోళ్లతోని దీన్ని చదివిద్దామా?"

చిన్నవ్వ పటం వైపు తిరిగింది. "సదివియ్యి బిడ్డా. అందరి ముందట సదివియ్యి. నా కోడలు సుత వినాలె. నేను పోయినంక దీనికి ఎవ్వలు బొట్టు పెడ్తరు? సంచిల ఏసి అటక మీద పడేస్తరని నాకు రంది. ఏమున్నదో తెలిస్తెనన్న మొక్కుతరు."

ఆ మాట విన్నాక నేను ఆగుతానా? 'మన వంశ చరిత్ర ఆవిష్కరణ' అని చుట్టాల గ్రూపులో పెట్టాను. ఆ వచ్చే ఆదివారానికి చిన్నవ్వ ఇంట్లో ముప్ఫై మంది దిగారు. మటన్ ఉడుకుతోంది. బోధన్ నుంచి ఖాదర్ సాబ్‌ను నేనే స్కూటర్ మీద తీసుకొచ్చాను. ఆయన రిటైరైన ఉర్దూ మాస్టారు, మెత్తని మనిషి. ఆయన మెడలో ఒక దండ, పటానికి ఒక దండ వేసి, ఓ చిన్న ఉపన్యాసం కూడా దంచాను. పట్టు చీర కట్టుకున్న చిన్నవ్వ ముందు వరుసలో కుర్చీలో కూర్చుంది.

ఖాదర్ సాబ్ అద్దాలు పెట్టుకుని మనసులోనే చదువుకున్నారు. దగ్గారు. మళ్లీ చదువుకున్నారు.

"బేటా, జర లోపటికి వస్తవా? ఒక్క మాట."

"గిక్కడనే చదవండి సార్. అందరు ఎదురు చూస్తున్నరు."

"ముందుగాల నువ్వొక్కనివి వింటే మంచిగుంటది."

"చరిత్రల దాచేదేముంటది సార్! ఉన్నది ఉన్నట్టు చదవండి."

ఈ డైలాగు కొట్టినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను కూడా. ఆయన నిట్టూర్చి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు.

"లింగన్న కొడుకు రాజన్న... ఆయనది నల్ల బర్రె ఒకటి..."

"బర్రెనా సార్?"

"బర్రెనే. కాల్వ ఇంజనీరు సాబ్ బంగ్లా తోటల జొరవడి గోబి పువ్వంత మేసింది. గులాబీ చెట్లు తొక్కింది. అందుకోసం దాన్ని బందెల దొడ్డిల పెట్టినం."

బందెల దొడ్డి అంటే పరాయి తోటల్లో పడి మేసిన పశువులను కట్టేసే సర్కారు కొట్టం. సూటిగా చెప్పాలంటే పశువుల జైలు. తరతరాలుగా మేం కొబ్బరికాయలు కొట్టింది జైలు కాగితానికన్నమాట!

వెనక వరుసలో ఒకరు కిసుక్కుమన్నారు. అంతే, వాకిలంతా గొల్లుమంది. సుజాతత్త కొంగు నోటికడ్డం పెట్టుకుంది గానీ భుజాలు ఆగడం లేదు. ముప్ఫై ఏళ్ల చారు లెక్క తీరుతోంది కదా. నేను చిన్నవ్వ వైపు చూశాను. ఆమె పెదవులు వణుకుతున్నాయి. ఆ క్షణంలో భూమి నోరు తెరిస్తే నా ఉపన్యాసంతో సహా దూకేసేవాణ్ని.

"చాలు సార్, ఇగ బంద్ చేయండి" అన్నాను.

"నహీ బేటా. ఇంక రెండు లైన్లున్నయ్. అసలు ముచ్చట గండ్లనే ఉంది" అన్నారు ఖాదర్ సాబ్. ఈసారి గొంతు పెంచి చదివారు. "'బర్రె కాడ కావలి ఎవరున్నరు?' అని అడిగితే, 'నేనే ఉన్న. నిద్రవోయిన. తప్పు నాదే' అని రాజన్న ఒప్పుకున్నడు. పొద్దుగూకె దాక దఫ్తర్ ముంగట నిలవడి మాఫీ అడిగిండు. బర్రెను వాపస్ ఇచ్చినం."

"అబద్ధం!" చిన్నవ్వ కుర్చీలోంచి లేచింది. "మా బాపు నిద్రవోలే. నిద్రవోయింది నేను!"

నవ్వేవాళ్లంతా ఆమె వైపు తిరిగారు.

"బర్రె పోయిందని ఏడ్సుకుంట ఇంటికొచ్చిన. మా అమ్మ కట్టె పట్టుకోని కూసున్నది. చీకటి పడ్డంక బాపు బర్రెతోని వచ్చిండు. 'పిల్లను కొట్టకు, బర్రె నా కాడికే వచ్చింది' అన్నడు. చేతిల గీ కాయితం జూసి ఏందని అమ్మ అడిగితే, సర్కారు మెచ్చుకున్నదన్నడు. అమ్మ దాన్ని దేవుని కాడ పెట్టింది. రోజు బొట్టు పెడ్తాంటె మా బాపు మొకం అటు తిప్పుకోని నవ్వేటోడు. ఎందుకు నవ్వుతున్నవె బాపూ అంటె చెప్పకపోయేది." ఆమెకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "నా కోసం పొద్దంత ఎండల నిలవడ్డవా బాపూ? ఒక్కనాడన్న చెప్పకపోతివి గదనే!"

కళ్లు తుడుచుకుని పటం వైపు తిరిగింది. "ఇన్నేండ్లు సర్కారుకు మొక్కిన. సర్కారు ఏం జేసింది? బర్రెను కట్టేసింది. ఇయ్యాల్టి సంది మా బాపుకు మొక్కుత."

ఆమె కుంకుమ భరిణె కోసం వెతుకుతుంటే, ఎప్పుడు లేచి వెళ్లిందో, సుజాతత్త చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. "నువ్వు కూసో అత్తమ్మా. ఇయ్యాల నేను పెడ్త" అంది. అని, అద్దం మీద నిండుగా బొట్టు పెట్టింది.

చిన్నవ్వ నా గడ్డం పట్టుకుంది. "శీనూ, ఇజ్జత్ తీసినవ్ గని, మా బాపును మల్ల నా కాడికి తెచ్చినవ్ బిడ్డా. సల్లగుండు." తిట్లకు సిద్ధపడి నిలబడ్డవాడికి దీవెన దొరికితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. ఖాదర్ సాబ్ చేతులు పట్టుకున్నాను. ఆయన ఆ రెండు వాక్యాలు వదిలేసి ఉంటే చిన్నవ్వకు మిగిలేది ఆ నవ్వులే. చిన్నవ్వ ఇప్పుడు లేదు. ఆ కాగితం మాత్రం అటక ఎక్కలేదు, సుజాతత్త ఒక్క రోజు కూడా బొట్టు మానలేదు. ఆ అత్తాకోడళ్లకు, ఆ మాస్టారుకు, ముఖం తిప్పుకుని నవ్విన మా ముత్తాతకు, గోబి పువ్వు మేసిన ఆ నల్ల బర్రెకు కూడా నేను రుణపడి ఉన్నాను.

అందుచేత మీ అందరి సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను: పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో నోరు పెట్టను. జనాన్ని పోగేసి, మటన్ వండించి, ఏ కాగితాన్నీ చదివించను. మొన్న వేల్పూర్‌లో మా అత్తగారింటికి వెళ్తే మా మామగారు దేవుడి గదిలోకి పిలిచి, ముద్ర ఉన్న ఉర్దూ కాగితం ఒకటి చూపించారు. "మా తాతకు సర్కారు ఇచ్చింది అల్లుడూ. ఎవరితోనన్న చదివిద్దామా?" అన్నారు. నేను రెండు చేతులూ జోడించి, కళ్లు గట్టిగా మూసుకుని, దానికి మూడుసార్లు మొక్కి, చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా నిజామాబాద్ బస్సెక్కేశాను.